సున్నం నిలవని చోటు

మా అమ్మతో నేను పడ్డ గొడవల్లో సగం దుమ్ము గురించే. మిగతా సగాన్ని తవ్వుకుంటూ పోతే అవీ అక్కడికే తేలతాయి. నా నోరు మంచిది కాదని మా ఆయన రోజూ అంటూనే ఉంటాడు. కాదనను. కానీ మా అమ్మతో ఒక్క వారం వేగి చూడమనండి, దేవదూతకైనా నోరు పాడవుతుంది.

మాది బెంగాలీ రైల్వే ఊరు. నిమ్‌పురా యార్డుకు అవతల, ఇనుప రాయి దింపే సైడింగు పక్కనే మా తెలుగు క్రైస్తవుల సమాధుల తోట ఉంది. నాన్న అక్కడే ఉన్నారు. ఆయన పోయాక రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. అమ్మ యార్డుకు దూరంగా, మలంచాలో ఉన్న మా ఇంటికి వచ్చేస్తుందనే అందరం అనుకున్నాం. ముందుగది సర్దాను, మంచం వేయించాను, కిటికీకి కొత్త పరదా కుట్టాను. అమ్మ మాత్రం ఎవరికీ చెప్పాపెట్టకుండా సమాధుల తోటకు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఒంటిగది అద్దెకు తీసుకుంది. తన కుట్టుమిషను, వంటగిన్నెలు, నాన్న ట్రంకు పెట్టె రిక్షాలో వేయించుకుని వెళ్ళిపోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం మనిషి.

రోజూ పొద్దున్నే పాత తువ్వాలు ఒకటి భుజాన వేసుకుని తోటకు వెళ్ళేది. నాన్న సమాధి మీద పడ్డ ఎర్ర దుమ్మంతా తుడిచేది. తుడుస్తుంటే ఆ దుమ్ము లేచి ఆవిడ ముక్కులోకి, గొంతులోకి పోయేది. మెల్లగా దగ్గు పట్టుకుంది. మొదట్లో పొద్దుటిపూట మాత్రమే వచ్చేది, తర్వాత మాటకీ మాటకీ మధ్యన రావడం మొదలైంది. ఛాతీ డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. మందులు ఎన్నయినా రాస్తాననీ, ఆ దుమ్ములోనే ఉంటే ఒక్కటీ పని చెయ్యదనీ అన్నాడు. ఇంకో చలికాలం అక్కడే గడిపితే మంచం పక్కన ఆక్సిజను సిలిండరు పెట్టుకుని బతకాల్సి వస్తుందని నాతో విడిగా చెప్పాడు. నాన్న పోయాక నాకు ఉన్నది ఒక్క అమ్మ.

మర్నాడు పొద్దున్న వెళ్ళి చూస్తే గదికి తాళం. తువ్వాలు పట్టుకుని ఎప్పటిలాగే తోటలో ఉంది.

"డాక్టరు చెప్పింది విన్నావా, లేదా?" అన్నాను.

"ఇన్నాను. నాను తుడవకపోతే ఎవలు తుడస్తారే?"

"ఎవరూ తుడవక్కర్లేదు. సాయంత్రానికి మళ్ళీ పడుతుంది కదా."

"రేపు మళ్ళీ తుడస్తాను."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నేను అరిచాను, అమ్మ దగ్గింది. అట్లా ఇద్దరం చెరో చప్పుడూ చేసుకుంటూ ఇంటికి వచ్చాం.

నేను బడిలో ఆరు, ఏడు తరగతుల పిల్లలకు భూగోళం చెప్తాను. ఇనుప ఖనిజం పాఠం వచ్చినప్పుడు మా ఊరి పిల్లలకు బొమ్మలు చూపించాల్సిన పని లేదు. కిటికీ రెక్క మీద వేలితో రాసి చూపిస్తే చాలు. ఒకప్పుడు, భూమి మీద మనిషీ చెట్టూ ఏమీ లేని కాలంలో, సముద్రపు నీళ్ళలో ఇనుము కరిగి ఉండేదట. నీళ్ళలోకి ప్రాణవాయువు చేరేసరికి ఆ ఇనుమంతా తుప్పు పట్టి అడుగుకు దిగిపోయింది. పొర మీద పొర పేరుకుని రాయి అయింది. సముద్రపు అడుగు కాస్తా లేచి కొండలైంది. ఆ కొండలు ఇవాళ ఒడిశాలో, ఝార్ఖండ్‌లో ఉన్నాయి. వాటిని పేల్చి, తవ్వి, పై కప్పు లేని వ్యాగన్లలో పోసి ఇటు పంపుతున్నారు. ఇక్కడ గుట్టలుగా దింపి, లారీల్లోకి ఎత్తి ఫ్యాక్టరీలకు తోలుతున్నారు. పోయింది పోగా గాలిలో మిగిలింది మా నెత్తిన పడుతుంది.

మా ఊరి నేల కూడా ఇనుపదే, కాకపోతే దాని కథ వేరు. ఇది మొరం నేల. తరతరాల వానలు మట్టిలో కరిగేవాటినన్నిటినీ కడిగి పట్టుకుపోతే, కదలనని మొండికేసి మిగిలిపోయిన ఇనుము వల్ల ఎర్రబడింది. పాఠం చెప్తూ ఈ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు మా అమ్మే గుర్తొస్తుంది.

నాన్నది యార్డులో వ్యాగన్లు చూసే పని. చక్రాలు, బ్రేకులు, కొక్కేలు సరిగా ఉన్నాయో లేదో చూసి బండిని వదలాలి. ఇనుప రాయి బండ్లే ఎక్కువ వచ్చేవి. నా చిన్నప్పుడు ఒకసారి ఆ రాయి ముక్క తెచ్చి, గచ్చు మీద గీసి చూపించారు. రాయి చూడ్డానికి నల్లగా, ఉక్కులా మెరుస్తూ ఉంది. గీత మాత్రం ఎర్రగా పడింది. "సూసినావా గుంటా, పైకి ఒకలాగ, లోపట ఒకలాగ. మీ అమ్మ కూడా అంతే" అని నవ్వారు. అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చింది. ఆయన నవ్వుకుంటూ బయటికి పరుగెత్తారు.

ఆ రోజుల్లో కూడా దుమ్ము ఉండేది గానీ ఇంతగా కాదు. ఇప్పుడు జామచెట్టు ఆకులు వాన పడితేగాని పచ్చగా కనపడవు. యార్డు వైపు ఆడవాళ్ళు ఆరేసిన బట్టల్ని తిరగేసి దులిపి, మళ్ళీ తిరగేసి దులిపి మడతపెడతారు. అప్పడాలు మేడ మీద ఎండబెట్టడం మానేసి చాలాకాలమైంది. తొలి వానకు చూరు నుంచి కారే నీళ్ళు ఎర్రగా ఉంటాయి. ఎవరిని తిట్టుకోవాలో కూడా తెలియదు. వీధిలో ప్రతి ఇంట్లోనూ ఒకడు యార్డులోనో, లారీ మీదనో, ఫ్యాక్టరీలోనో పని చేస్తున్నాడు. మా ఆయన విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో, ఆ రాయి వెళ్ళే ఫ్యాక్టరీలోనే పనికి వెళ్తాడు. ఆయన తెచ్చిన జీతంతోనే అమ్మకు దగ్గు మందు కొంటాను. ఇక ఎవరిమీద ఎగురుతాం?

పోయినేడు ఈస్టరు దగ్గరపడుతున్నప్పుడు అసలు గొడవ వచ్చింది. మాలో ఒక ఆచారం ఉంది. ఈస్టరుకు ముందురోజు, శనివారం, ఎవరి సమాధికి వాళ్ళే సున్నం వేసుకోవాలి. కూలివాణ్ణి పెట్టకూడదు, పరాయి చెయ్యి పడకూడదు. మర్నాడు తెల్లవారకముందే తెల్లబట్టలు కట్టుకుని, కొవ్వొత్తులు, పూలు పట్టుకుని తోటకు వెళ్తాం. సూర్యుడు వచ్చేవేళకు పాటలు పాడతాం. అప్పటికి సమాధులన్నీ తెల్లగా ఉండాలి. అంతకు ముందు ఏడు అమ్మే వేసింది. ఆ తర్వాత దగ్గుతో వారం రోజులు లేవలేకపోయింది. ఈసారి నేను వేస్తానన్నాను. వద్దంది. ఇద్దరం వాదించుకున్నాం. చివరికి నేను అలిసిపోయి ఏడ్చాను.

"నీకు నేనెవరినీ కానా అమ్మా? పోయినవాళ్ళే నీవాళ్ళా? బతికున్నదాన్ని నేను, నాకోసం ఇంకో రెండేళ్ళు ఊపిరి పీల్చకూడదా?"

అమ్మ మిషను చక్రం మీద చెయ్యి వేసి కూర్చుంది. తర్వాత, "సరే. నువ్వే ఎయ్యి. ఈస్టరు పొద్దున్న తెల్లగా కనపడాల, మచ్చ కూడా ఉండకూడదు. అట్లాగ సేసి సూపించినావంటే నీ ఎంట వచ్చీస్తాను. నేదంటే నన్నిక పీకకు" అంది.

"మాట?"

"మాటే. పెబువు సాచ్చిగా."

ఇక చూడండి నా హడావుడి. శనివారం మధ్యాహ్నమే బకెట్లు, చెంబు, కుంచె, నానబెట్టిన సున్నం పట్టుకుని తోటకు చేరాను. గేటు పక్క కుళాయి దగ్గర జనం, చుట్టూ అందరూ సున్నాలు వేస్తున్నారు. పిల్లలు పరుగులు. సైడింగులో ఒక బండి నుంచి రాయి దింపుతున్నారు. గాలి ఇటే. నాకు ఒళ్ళు మండింది. తడిగుడ్డ పెట్టి సమాధి తుడిచాను. సిమెంటు గరుకులో పేరుకున్న దుమ్ము తడికి ముద్దలా అయింది. రెండోసారి తుడిచే ఓపిక పట్టలేదు, పొద్దు వాలిపోతోంది. సున్నం వెయ్యడం మొదలుపెట్టాను. తడిమీద సున్నం తెల్లగా కనపడదు, ఆరాకనే తేలుతుంది. అది తెలుసు. కానీ ఎర్రజీర అడుగునుంచి లేస్తున్నట్టు అనుమానం వచ్చింది.

తెల్లబట్టలకు నీలిమందు పెడితే మాసిన ఛాయ పోతుంది కదా. సున్నంలో కూడా మా వాళ్ళందరూ చిటికెడు కలుపుతారు. చిటికెడుకే అంత తెలుపు వస్తే కాస్త ఎక్కువ కలిపితే ఇంకెంత వస్తుందో అనుకున్నాను. పొట్లం మొత్తం కుమ్మరించాను. పక్క సమాధికి సున్నం వేస్తున్న పెద్దావిడ చూసి, "ఓలమ్మ, అంతా?" అంది. "అంతే కావాలి పిన్నీ" అన్నాను. రెండోపూత దిట్టంగా వేసి, చీకటి పడకముందే ఇల్లు చేరాను. ముందుగదిలో మంచం మీద కొత్త దుప్పటి పరిచాను.

ఈస్టరు పొద్దున్న ఇంకా వెలుగు రాకముందు అమ్మను తీసుకుని వెళ్ళాను. తోటంతా కొవ్వొత్తులు. ఎదురైనవాళ్ళందరూ "ప్రభువు లేచెను" అంటున్నారు, మేమూ "నిజముగా లేచెను" అంటున్నాం. కొవ్వొత్తి వెలుగులో నాన్న సమాధి తెల్లగానే ఉంది. నేను గర్వంగా అమ్మ వైపు చూశాను. అమ్మ బంతిపూలు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుంది. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. మెల్లగా వెలుతురు పెరిగింది. పెరిగినకొద్దీ సమాధులన్నీ తెల్లబడ్డాయి. ఒక్క మాది తప్ప.

నేను దిట్టంగా వేసిన పూత ఆరక, రాత్రంతా దుమ్ము ఆ తడి సున్నం మీద పడింది. కింద నుంచి ఎరుపు లేచింది. దానికి నా నీలిమందు తోడైంది. మా నాన్న సమాధి వంకాయపువ్వు రంగులో నిగనిగలాడుతోంది.

ఎవరో కిసుక్కున నవ్వి పాటలో కలిపేశారు. నిన్నటి పిన్ని మాత్రం ఆపుకోలేకపోయింది. "ఇదేటి రంగే తల్లీ!" అంది. పాట అయిపోయి జనం పాస్టరుగారి వెంట తోట మధ్యకు, ప్రార్థనకు వెళ్ళారు. మేమిద్దరమే మిగిలాం. నాకు సిగ్గు, కోపం, ఏడుపు అన్నీ ఒకేసారి వచ్చాయి. అమ్మ కొంగు చివర చేతికి చుట్టుకుని, సమాధి అంచు మీద రాత్రి పడ్డ దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ దగ్గింది. అది చూసి నా నోరు ఆగలేదు.

"ఆపు! ఇంకెంత తుడుస్తావు? ఎన్నాళ్ళు తుడిస్తే తీరుతుంది నీకు? కింద ఉన్నాయనకు తెలుస్తుందా దుమ్ము పడిందో లేదో? చచ్చేదాకా తుడుస్తావా?"

అమ్మ చెయ్యి ఆగింది. నా వైపు తిరగకుండానే మాట్లాడింది.

"ఆవేల మీ నాన్న డ్యూటీ నుంచి వచ్చినాడు. ఒల్లంతా ఎర్రగా ఉంది. నీల్లు తోడి పెట్టినాను. కులాయి కాడ రాయి మీద కూసుని, ఉండే, ఆయాసంగా ఉందన్నాడు. అట్లాగే ఒరిగిపోనాడు. సెంబు కూడా ముట్టుకోనేదు."

అది నాకు తెలుసు. నాన్న పెరట్లోనే పోయారని, స్నానానికి కూర్చుని పోయారని అందరికీ తెలుసు. తర్వాతది నాకు తెలియదు. నేను మలంచా నుంచి పరుగెత్తుకుని వచ్చేసరికి ఆయన్ని పెట్టెలో పడుకోబెట్టేశారు. తెల్లబట్టలు, చేతుల్లో బైబిలు, తల నున్నగా దువ్వి ఉంది.

"మగోల్లు ఒల్లు కడిగినారు. తలకాడ నాను పోసినాను నీల్లు. ఎంత పోసినా ఎర్రగానే వస్తన్నాయి. జుట్టులోంచి, సెవుల్లోంచి. ఎండలు కదా, ఇంక ఆలీసం సెయ్యకూడదన్నారు. బండి వచ్చీసింది. సాల్లే అమ్మా, సాల్లే అని నా సేతిలో సెంబు లాగీసుకున్నారు. తుడిసీసి తెల్లబట్టలు కట్టీసినారు." అమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఇంకా ఎర్రగానే వస్తన్నాయే నీల్లు. తేటగా రానేదు. కడగడం అవ్వనేదే."

ఇన్నాళ్ళుగా ఈ మనిషిని మొండిది అన్నాను, మూర్ఖురాలన్నాను, నా మీద ప్రేమ లేదన్నాను. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. నా తల్లి అంతకాలం ఆ సగం స్నానాన్ని గుండెలో పెట్టుకుని తిరిగింది. నేలమీద కూలబడి ఆవిడ వీపు మీద తల ఆనించాను. తెల్లచీర కింద ఎముకలు తగిలాయి, లోపల గురగుర వినపడింది. "ఏటే, పిచ్చిదానా, ఏడవకు" అని వెనక్కి చెయ్యి చాపి నా చెంప తడిమింది.

లేచాను. నిన్న సున్నం కలిపిన బకెట్లు, చెంబు గోడ పక్కనే ఉన్నాయి. గేటు దగ్గర కుళాయి కింద కడిగి, రెండు బకెట్లూ నింపి తెచ్చాను. ఒకటి అమ్మ ముందు పెట్టి చెంబు చేతికిచ్చాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది. పూలు తీసి పక్కన పెట్టింది. తలవైపు నుంచి పొయ్యడం మొదలుపెట్టింది. పోస్తూ అరచేత్తో రుద్దుతోంది. పిల్లలకు తలంటేటప్పుడు ఎట్లా రుద్దేదో అట్లాగే, చెవుల వెనక కూడా వదలకుండా రుద్దినట్టు, అంచుల్లో, మూలల్లో వేళ్ళు పెట్టి తోమింది. సున్నం ఇంకా పచ్చిగానే ఉంది, ఊడి వచ్చేస్తోంది. నీళ్ళు మొదట వంకాయ రంగులో కారాయి, తర్వాత ఎర్రగా, తర్వాత పాలలా. నేను కుళాయికీ సమాధికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. బకెట్టు మోస్తుంటే చీర మోకాళ్ళ దాకా తడిసింది. ప్రార్థన అయిపోయి జనం తిరిగి వస్తూ మమ్మల్ని చూసి ఆగారు. ఈస్టరు పొద్దున్న సున్నం కడిగేసుకుంటున్న ఆడవాళ్ళను వాళ్ళెప్పుడూ చూసి ఉండరు. పిన్ని దగ్గరికి వచ్చి ఏదో అనబోయి, అమ్మ ముఖం చూసి, కొవ్వొత్తి కింద పెట్టి నా చేతిలోంచి ఒక బకెట్టు అందుకుంది.

తడిలో దుమ్ము లేవలేదు. అమ్మ దగ్గలేదు. మధ్యమధ్యలో సమాధి కాళ్ళవైపు అంచు కింద అరచెయ్యి పట్టి, కారే నీళ్ళు దోసిట్లో తీసుకుని వెలుతురుకు పెట్టి చూసేది. తల అడ్డంగా ఊపి మళ్ళీ పోసేది. ఎండ వచ్చింది. తోట దాదాపు ఖాళీ అయింది. చుట్టూ సమాధులన్నీ తెల్లగా మెరుస్తున్నాయి, నాన్నది మాత్రం ఉత్త సిమెంటు, తడిసి నల్లగా ఉంది.

మళ్ళీ అరచెయ్యి పట్టింది. ఈసారి చాలాసేపు చూసింది. నన్ను రమ్మని పిలిచి చూపించింది. దోసిట్లో నీళ్ళ అడుగున ఆవిడ అరచేతి గీతలు కనపడుతున్నాయి.

"తేటగా వచ్చినాయా?" అంది, చిన్నపిల్లలా.

"వచ్చాయమ్మా."

"నిజంగా?"

"నిజంగా. చూడు, నీ చెయ్యి కనపడుతోంది."

అమ్మ ఆ నీళ్ళు నెమ్మదిగా నేలమీద వదిలింది. కొంగు పిండుకుని, తడిచేతిని సమాధి తలవైపు పెట్టి, "సాలు," అంది. "ఇంక పడుకో."

గేటు బయట ఎప్పుడూ ఉండే బెంగాలీ అబ్బాయి ఆటో ఉంది. అతనికి అమ్మ గది తెలుసు. దగ్గు ఎక్కువైన రోజుల్లో దింపి వచ్చేవాడు. మా తడిబట్టలు చూసి ఆశ్చర్యపోయి, సీటు మీద గుడ్డ పరిచాడు. అమ్మను ఎక్కించి నేనూ ఎక్కాను. అనుకున్న తెలుపు రాలేదు, మాట ప్రకారం నేను ఓడిపోయాను. ఇక అడగకూడదని నిశ్చయించుకున్నాను. రేపటి నుంచి పొద్దున్నే నేనే వచ్చి, తడిగుడ్డతో తుడిచి బడికి పోతే సరి, ఆవిడ ఇంట్లో కూర్చుంటుంది అని లెక్కలు వేసుకుంటున్నాను. అబ్బాయి బండి తిప్పి, అలవాటుగా, ఆ గది వైపు సందులోకి మళ్ళించబోయాడు.

అమ్మ ముందుకు వంగి అతని భుజం తట్టింది.

"ఉదిక్ నొయ్ బాబా," అటు కాదని తన వచ్చీరాని బెంగాలీలో అంది. "మలంచా."